సున్నా దగ్గర ముల్లు

గేరుపెట్టె పోయింది వదినా, అన్నాడు గన్‌సుఖ్
బానెట్ కూడా ఎత్తకుండానే.
ఇనప ధరకి నాకిచ్చెయ్, పీడా పోతుంది.
నా వ్యాన్ మీద అతని కన్ను
నిరుటి నుంచీ ఉంది.

నిజమే, ఆకులు రాలినప్పటి నుంచి ముల్లు లేవలేదు.
దర్ఖాన్ రోడ్ల మీద లారీలను దాటి పోతున్నా
సున్నా అంటుంది,
ఒట్టు పెట్టుకున్నట్టు.

ఆదివారం. ఏప్రిలొచ్చినా షెడ్డు నేల మంచుగడ్డే.
ముందు చక్రాలకు రాళ్లు. వెనక చక్రం ఒకటి గాల్లో.
గేరు న్యూట్రల్‌లో.
అట్టముక్క మీద వెల్లకిలా లోపలికి జారి
గేరుపెట్టె తోక దగ్గర ప్లగ్గు ఊడదీశాను.
బొటనవేలంత సెన్సర్, దానికి రెండు కాళ్లు.
మల్టీమీటర్ కొసలు ఆ రెండింటికీ ఆనించి
తిప్పవే ఇంగూన్, అన్నాను.

తొమ్మిదేళ్ల పిల్ల, టైరుకి వేలాడినంత పని చేసింది.
పావు ఓల్టు.
ఆపితే సున్నా, తిప్పితే మళ్లీ పావు.
బతికే ఉంది!
చలికాలమంతా చెబుతూనే ఉంది పాపం,
పైదాకా మాట చేరలేదు.

తీగ వెంట వేళ్లతో తడుముకుంటూ పోయాను.
గేరుపెట్టె నెత్తిన, వెచ్చటి సందులో
గొర్రె ఉన్ని, గోధుమ పొట్టు,
ఇంగూన్ పోగొట్టుకున్న చేతి తొడుగులోంచి ఎర్ర దారం.
ఎలుక కాపురం.
తీగని కత్తిరించినంత నున్నగా కొరికింది.

తొక్క ఒలిచి, మెలేసి, టంకం పెట్టి, టేపు చుట్టాను.
వీధి మలుపు దగ్గర ముల్లు వణికింది.
పది. ఇరవై. ముప్ఫై.
నేను కేక పెట్టాను. ఇంగూన్ పెట్టలేదు,
ముల్లు కిందున్న అంకెలు చూస్తోంది.
తాతని కళ్లాసుపత్రికి తీసుకెళ్లిన దారి
ఇందులో లేదు కదమ్మా?

లేదు.
బొగ్గు మోసిన దారీ లేదు.
తుపానులో తప్పిపోయి
తెల్లారేదాకా తిరిగామే, అదీ లేదు.
డీజిల్ చీటీలన్నీ మంచం మీద పరిచి
ఇద్దరం లెక్క కట్టాం. టీ చల్లారిపోయింది.

సాయంత్రం గన్‌సుఖ్ మళ్లీ వచ్చాడు.
ముల్లు చూశాడు, అంకె చూశాడు.
ఇంత తక్కువ తిరిగిందా వదినా,
అయితే ధర పెంచుతాను.

అప్పటికే డాష్‌బోర్డు మీద తెల్ల రంగుతో
పిల్ల వంకర అక్షరాలు:
ఇంకో ఆరువేల నాలుగొందలు కలుపుకోండి.

వేలితో తుడవబోయాడు.
వేలికి అంటింది గాని
చెరగలేదు.