పోని రంగు

మొదట నేను చూసింది ఒక మరక.
మా ఉప్పలయ్య ఎడమ మడిమ కింద
పొద్దుతిరుగుడు గింజంత.
నా గాబుల నల్లరంగే చిందిందనుకున్న.
కొత్తవాడల ఎవరి కాలికి రంగు లేదు గనుక!

సబ్బు పెట్టిన. కిరసనాయిలు పెట్టిన.
చెప్పాలంటే సిగ్గయితది,
ఇటికె పెడ్డతోని రుద్దిన
నెత్తురు చెమ్మ కనవడేదాంక.
"నీ రంగు గట్టిదే అనసూర్యా" అని నవ్విండు,
జంపఖానాకు గ్యారంటీ ఇచ్చినట్టు.

వానకాలం పోయేసరికి గింజ అంచులు చెదిరినయి.
ఒకదిక్కు ఊదా, ఒకదిక్కు బూడిద.
ఆనె అన్నరు. ముల్లు విరిగిందన్నరు.
పక్కింటాయన జిల్లేడు పాలు పోసిండు.
గుంత మగ్గంల కూసున్నోని అరికాలు
ఎవరు చూస్తరు?
పొద్దంత తొక్కుడు చెక్క ఒక్కటే చూసింది.

ఎంజీఎంల చర్మం డాక్టరమ్మ
అద్దం పెట్టి చూసి, మాట్లాడుడు ఆపింది.
ముక్క తీసి పంపిండ్రు.
కాయితం వచ్చిననాడు నన్నడిగింది,
"ఏం పని చేస్తవమ్మా?"
నూలుకు రంగులేస్త అన్న.
"అయితే నీకు జెల్ది సమజైతది.
తోలుల గూడ రంగు జేసే కణాలుంటయి, అందరికి.
అండ్ల ఒకటి మొండికేసింది.
ఎసరు దించుమన్నా దించదు,
పక్క గాబులల్లకు పొర్లుతది."

ఎండ తగలని కాలికెందుకమ్మా అన్న.
మనసొంటోళ్ళకు అరికాళ్ళల్ల, గోర్ల కిందనే ఎక్కువ కనవడతదట.
ఎందుకో ఇంకా సరింగ తెలువదన్నది.
తెలువదని చెప్పిన డాక్టరును
నేను గప్పుడే చూసిన.

పేరు మెలనోమా.
కొత్త రంగుడబ్బా మీది పేరు లెక్క
రాత్రంత నోట్లె తిప్పుకున్న.

లోతు మూడున్నర మిల్లీమీటర్లట.
లోతు సంగతి నాకు ఎవరూ చెప్పనక్కరలే.
పైపైన పట్టింది మొదటి నీళ్ళకే దిగుతది,
పోగు నడిమిదాంక పోయింది
ఏ నీళ్ళకూ దిగదు.
గజ్జల బిళ్ళ కట్టిందా అని తడిమిండ్రు,
ముల్లు గుచ్చుకున్ననాడు మా అవ్వ తడిమినట్టే.

కట్టింది.

మడిమ చెక్కి, తొడ తోలు తెచ్చి కుట్టిండ్రు.
ఆ అతుకుకు ఇంకా రంగు తిరగలే.
మూడు వారాలకోపారి కాజీపేటల బండెక్కి
పట్నం పోయి సూదిమందు ఎక్కిచ్చుకొస్తడు.
వచ్చిననాడు మగ్గం దిక్కు చూడడు.
తెల్లారి కుడికాలితోని తొక్కుతడు,
నేత కొంచెం వంకర పోతది. పోనీ.

నేనిప్పుడు చిలపలు ఆరేసి
వాడకట్టోళ్ళను అరుగు మీద కూసోబెడుతున్న,
కాళ్ళెత్తుమంటున్న.
కాళ్ళు మొక్కుతున్ననుకొని
కొందరు గుంజుకుంటరు.
చూడనీయుండ్రి.
కడిగితే పోని మరక ఒకటుంటది.
దాన్ని ఇటికెతోని రుద్దిన మనిషిని నేను.