లోపాల పుస్తకం

ఆయన బూట్ల చప్పుడు మెట్ల మీద వినపడగానే
గ్యారేజీలో రేడియో దానంతటదే ఆగిపోయేది.
ఎవరు కట్టేసేవారో నాకిప్పటికీ తెలీదు.

బెజవాడ, మే నెల, తెల్లవారుజాము నాలుగున్నర.
అప్పటికే డిపో గేటు ఇనుము వెచ్చగా ఉండేది.
గేటు పక్కన నల్లబల్ల:
లీటరు డీజిలుకి ఎవరి బండి ఎంత దూరం నడిచిందో
తెల్లసుద్దతో కొందరి పేర్లు,
ఎర్రసుద్దతో తలొంచుకోవాల్సినవాళ్ల పేర్లు.
మీరావలి పదకొండు రోజులు ఎర్రగానే ఉన్నాడు.
పన్నెండో రోజు వారధి దిగేచోట
బండిని న్యూట్రల్లో వదిలేశాడు.
యాభై ఏడుమంది జనం, ఒక మేకపిల్ల,
వెనక తలుపు దగ్గర టిక్కెట్ల మిషనుతో నేను.
ఎవరికీ ఏమీ కాలేదు.
మర్నాడు అతని పేరు తెల్లబడింది.

జోగినాథం చెడ్డవాడని నేననను.
పండక్కి ఇచ్చిన మిఠాయి పొట్లం కూడా వెనక్కి పంపేవాడు.
గొంతు పెంచి ఎరగడు.
ఫైల్లోంచి తలెత్తకుండా
"ఊఁ, చెప్పండి" అనేవాడు.
ఆ ఊఁకే మా నోట్లో తడారిపోయేది.

బ్రేకు సరిగ్గా పట్టట్లేదని రాస్తే బండి ఆగుతుంది,
బండి ఆగితే ట్రిప్పు పోతుంది,
ట్రిప్పు పోతే మెమో.
అందుకని లోపాల పుస్తకంలో
పేజీ తర్వాత పేజీ, సంతకం కింద సంతకం,
ఒకటే మాట: బాగుంది.
ఏడాది చివర ఆ పుస్తకమే చూపించి
ఆయన మెప్పుపత్రం తెచ్చుకున్నాడు.

ఆ ఏడే కోటిలింగానికి నిద్రమాత్రలు అలవాటయ్యాయి.
ఆ ఏడే మా బుడ్డోడు మార్కుల కార్డు పట్టుకొస్తే
బియ్యంలో రాళ్లేరుతూ, తలెత్తకుండా,
"ఊఁ, చెప్పు" అన్నాను.

తర్వాత హైమవతి వచ్చింది.
మొదటిరోజే పుస్తకం తెమ్మంది. తిరగేసింది.
"ఇన్ని బండ్లలో, ఏడాదంతా,
ఒక్క మర కూడా వదులు కాలేదా?"
ఎవరం పలకలేదు.
తనే పెన్ను తీసి రాసింది:
మేనేజరు గది ఫ్యాను కీచుమంటోంది.
మేనేజరుకి డ్రైవర్ల పేర్లు ఇంకా నోటికి రాలేదు.
మెకానిక్కు వెంకటాద్రి నవ్వాడు,
నవ్వినందుకు జడుసుకున్నాడు,
ఎవరూ ఏమీ అనకపోతే మళ్లీ నవ్వాడు.

నెల తిరక్కుండా పుస్తకం నిండింది.
క్లచ్చు, హారను, పగిలిన అద్దం, సీట్లో తేలిన మేకు.
ఆడవాళ్ల గదికి లోపలి గొళ్లెం లేదు, అది నా రాత.
ఒక రాత్రి మీరావలి వచ్చి
వారధి సంగతి కూడా రాశాడు, తారీఖుతో సహా.
ఆవిడ చదివి చాలాసేపు ఊరుకుంది.
వారంపాటు అతనికి బండి ఇవ్వలేదు,
ఒక్క మాటా తూలలేదు.
ఆ సాయంత్రం గేటు బల్లని తడిగుడ్డతో తనే తుడిచింది.
ఎర్రసుద్ద అంత త్వరగా పోదు,
గులాబీరంగు మరకలా మిగిలిపోతుంది.

మీ డిపోలోనే ఇన్ని ఫిర్యాదులేమిటని పైవాళ్లడిగారు.
రెండేళ్లు నిండకుండానే
ఆవిణ్ణి ఎటో మార్చేశారు.

ఇప్పుడు నేను కంట్రోలర్ని.
రేకుల గది, టేబులు ఫ్యాను, నా పేరుతో ఓ రిజిస్టరు.
నిన్న కెజియా వచ్చింది, చేరి పదహారు రోజులైన పిల్ల.
లెక్కలో నూట నలభై తక్కువ.
గుప్పిట్లో చిల్లరకి చెమట పట్టింది.
ఆమె నోరు తెరిచేలోపు
నా గొంతులోంచి బూట్లేసుకుని వచ్చింది
"ఊఁ, చెప్పండి".

బయట రేడియో ఆగింది.

కళ్లద్దాలు తీసి తలెత్తాను.
"కూర్చోమ్మా, ఏ స్టేజీ దగ్గర తప్పిందో చూద్దాం" అన్నాను.
కూర్చోలేదు.
ఫ్యానుకి అవతల నిలబడి
ఆ చిల్లరే
మళ్లీ మొదట్నుంచి లెక్కపెడుతోంది.