నాలుగు ముక్కలు

"రాష్ట్రం పుట్టినరోజంట. యార్డులో జెండా కాడ
మైకులో చదవటానికి నాలుగు ముక్కలు రాయవయ్యా,
మన కొట్లో అక్షరం వచ్చినోడివి నువ్వేగా"
అన్నాడు శేషావతారం గారు,
తాళాలగుత్తి మొలకి దోపుకుంటా.

పద్దెనిమిదేళ్ళుగా నేను రాసిందల్లా
టిక్కీలు, తూకం, తరుగు, హమాలీ, కమీషను.
ఇందులో ఏ ముక్కకీ చప్పట్లు రావు.

అయినా కూర్చున్నా.
కాటా చీటీ వెనక్కి తిప్పి
'అన్నపూర్ణ' అని మొదలెట్టా.
తరుగు ఎక్కువ తీశారని
నిన్న బొల్లాపల్లి రైతు మొహానికడ్డం పెట్టుకున్న
తువ్వాలు గుర్తొచ్చింది. కొట్టేశా.
'రెండు వేల ఏళ్ళ చరిత్ర' అన్నా.
అమరావతి పాలరాతి మీది తామరపువ్వు
మా యార్డు గేటు దాకా వచ్చి
దుమ్ము చూసి ఆగిపోయింది.
'పుట్టినరోజు' దగ్గర పెన్నే ఆగింది.
అక్టోబరు ఒకటా? నవంబరు ఒకటా? జూను రెండా?
మూడు జాతకాలున్న పిల్లకి
పాయసం ఏనాడు కాయాలి?

కాలేషా టీ గ్లాసు పెడతా తొంగి చూశాడు.
"గుంటూరోళ్ళకి గుంటూరు గొప్ప రాసి చూపించాలా అన్నా?
ముక్కుల్లేవా మనకి?"

ముక్కులు ఉన్నాయి. చెవులూ ఉన్నాయి.
మాఘంలో కోసిగి కాడ రైలెక్కి
పిల్లల్నీ, జొన్నరొట్టెల మూటనీ ఎత్తుకొచ్చే ఉరుకుందమ్మ
ప్రత్తిపాడు చేలల్లో కాయ కోస్తా
"మంట యాడైనా మంటే కదా సామీ" అంటది.
టెక్కలి గవరయ్య వీపు మీంచి బస్తా దించి
"ఏటి బాబూ, తేజాయా ఇది? ఈపు కాలిపోతంది" అంటాడు.
నంద్యాల లారీ "ఏమప్పా" అని హారన్ కొడితే
భీమవరం బేరగాడు "ఆయ్, ఉండండి" అంటాడు.
మా మాచర్లోడు
ముద్దొచ్చినా కోపమొచ్చినా "ఏందిరా" అనే అంటాడు.
పటం మీద గీతలు ఎన్నిసార్లు జరిగాయో నాకు తెలుసు.
ఈ ఎర్ర దుమ్ము మాత్రం
అందరి కనురెప్పల మీదా
ఒకే మందాన వాలుతుంది.

ఇంకొకటి ఉంది, మైకులో చెప్పేది కాదు.
మా అమ్మ ఏటుకూరు రోడ్డు గోడౌన్లలో తొడిమలు తీసేది.
రాత్రిళ్ళు వేళ్ళు మజ్జిగలో ముంచుకుని కూర్చునేది.
ఆ చేత్తో తాకితే నా కళ్ళు మండుతాయని
మోచేత్తో నా బుగ్గ నిమిరేది.
ఇప్పటికీ ఎవరైనా ప్రేమ అంటే
నాకు మోచెయ్యే గుర్తొస్తుంది.

తెల్లారింది. జెండా ఎగిరింది.
ఛైర్మన్ గారి చొక్కా తెల్లగా, మైకు కీచుగా.
నేను చీటీ విప్పి "గౌరవనీయులైన" అన్నానో లేదో
పదో నంబరు షెడ్డు దగ్గర
ఏసీ నుంచి తీసిన బస్తా ఒకటి కుట్టు తెగింది.
గాలి ఇటు తిరిగింది.

మొదట నేను తుమ్మా.
తర్వాత ఛైర్మన్ గారు.
తర్వాత బందోబస్తు కానిస్టేబులు, బిస్కెట్ల కోసం వచ్చిన బడిపిల్లలు,
కళ్ళజోడు తీసి శేషావతారం గారు,
వరసపెట్టి యార్డు యార్డంతా.
మైకు నా తుమ్ముని నల్లపాడు దాకా మోసుకుపోయింది.
"నూరేళ్ళు!" అన్నారెవరో.
"ఎయ్యేళ్ళు!" అంది ఇంకో గొంతు.
"సల్లంగుండు బాబూ" అన్నాడు గవరయ్య, ముక్కు తుడుచుకుంటా.
ఎవరికి అన్నారో నేను అడగలేదు.
కళ్ళనీళ్ళతో నవ్వుతా
అందరం జెండా వైపే నిలబడి ఉన్నాం.

చీటీ చదవలేదు. జేబులో పెట్టుకున్నా.
మధ్యాహ్నం వేలానికి కాగితం కావాల్సి వచ్చి
కొట్టేసిన 'అన్నపూర్ణ' కింద ఖాళీ ఉంటే రాశా:
ఏసీ సరుకు, నలభై మూడు టిక్కీలు,
రైతుది బొల్లాపల్లి.
తరుగు దగ్గర కాసేపు ఆగి
ఈసారి ఉన్నదే రాశా.