అరసున్నలు

పురసవాక్కంలో
నగల కొట్టుకీ నగల కొట్టుకీ మధ్య
మెట్లు మాత్రమే కనపడే మేడ మాది.
పైన తెలుగు గ్రంథాలయం ఉందని
కింద పూలమ్మే ఆమెకే తెలియదు.
పోయిన ఆడి తగ్గింపుల హోరులో
ఇద్దరు మోసుకుంటూ ఒక స్కానరుని ఎక్కించారు.
దాని వెనకాలే ఇళంగో.

ఇళంగోకి తెలుగు రాదు.
పుట తిప్పుతాడు, గాజుపలక దించుతాడు,
వెలుగు ఈ అంచు నుంచి ఆ అంచుకి నడిచిపోతుంది.
"అన్నీ జాంగ్రీల్లా ఉన్నాయి మేడం"
అంటాడు తమిళంలో, ఆకలేసినప్పుడల్లా.

కార్డుల బీరువాకి నలభై సొరుగులు.
"క"లో ఇప్పుడు కేబుళ్లు,
"చ"లో చార్జర్లు.
అక్షరక్రమం తప్పలేదు లెండి.
"ఱ" మొదటినుంచీ ఖాళీయే,
నా టిఫిన్ డబ్బా అందులో.

బొమ్మ తీశాక యంత్రం చదివి అప్పజెబుతుంది.
తప్పులు దిద్దడం నా వంతు.
ముప్పై రెండేళ్లు పుస్తకాలిచ్చి పుచ్చుకున్న చేతికి
ఇప్పుడు ఒకటో తరగతి పంతులమ్మ ఉద్యోగం.
మామయ్య వచ్చెను అని ఉంటే
యాయయ్య వచ్చెను అంటుంది.
రంగమ్మ పేరు మధ్య
అంకెల సున్నా ఇరికించి
పదుల స్థానం పెట్టింది.
కోపం రాదు. బడికొచ్చిన మొదటి వారం
ఎవరికైనా అంతే.

అబద్ధమెందుకు, కుళ్ళు మాత్రం ఉంది.
మొన్న హోసూరు నుంచి ఒకమ్మాయి
వాళ్ల ముత్తవ్వ దంపుడు పాటలో
గుర్తున్న ఒక్క మాట చెప్పింది.
ఆ మాట కొట్టగానే నాలుగు పుస్తకాలు
హాజరు అని లేచి నిలబడ్డాయి.
అందులో ఒకటి
నేను ఏటా దులిపి, ఎన్నడూ తెరవనిది.

పాత పుస్తకాలతోనే చిక్కు.
వాఁడు, నేఁడు, తోఁట.
గోరు గీసినంత ఆ వంకల్ని
చెదల చుక్కలనుకుంది యంత్రం, ఏరి పారేసింది.
కంపెనీ కాగితంలో ఆ పనికి పేరు
మరకల తొలగింపు.
"పలకని అక్షరం పోతే ఏం మేడం?"
అడిగాడు ఇళంగో.

నేను కిటికీ పక్క బల్ల వైపు చూశాను.
దేవరాజులు నాయుడుగారు.
పెరంబూరు కార్ఖానాలో రైలుపెట్టెలకు రంగులేసి రిటైరయ్యారు.
ఆయన అడిగిన పుస్తకం ఆయన ఫోన్లోకి నేనే ఎక్కించాను.
రెండు వేళ్లతో అక్షరాన్ని
దోసెపిండిలా సాగదీసి చదువుతారు.
అయినా పదిన్నరకల్లా మెట్లెక్కి వస్తారు.
"పుస్తకం ఫోన్లో ఉందమ్మా. ఫ్యాను లేదు."
అంతే. మళ్లీ సాయంత్రం దాకా
పెదవి కదలదు.

ఖాళీ పుటలు వదిలేయమని నియమం.
అట్ట లోపల అతికించిన గడువు చీటీని
యంత్రం ఖాళీ కిందే కట్టింది.
నేనొప్పుకోలేదు, ఎక్కించమన్నాను.
ఊదారంగు తేదీలు, వరసగా.
తర్వాత ఎనిమిదేళ్లు ఎవరూ తీసుకెళ్లలేదు.
ఆ తర్వాత ఒకే ముద్ర, తలకిందులుగా:
7 జూన్ 1993.
అది నా చేయే.
చేరిన రోజు, అందరూ చూస్తున్నారని వణికింది.
యంత్రం దాని కింద రాసుకుంది:
చిత్రం.
దిద్దకుండా వదిలేశాను.

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది.
స్కానరు కళ్లు మూసుకుంది, ఫ్యాను నిలిచింది,
నాయుడుగారు పేపరుతో విసురుకుంటున్నారు.
ఇళంగో పుస్తకాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి
వేలు పెట్టి కూడబలుక్కుంటున్నాడు.
"వా..."
అక్కడ ఆగాడు.
"మేడం, ఇది దుమ్మా, అక్షరమా?"
గోటితో గీకబోయి
నా మొహం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.
ఊది చూడు, అన్నాను.

ఊదాడు.
పోలేదు.