క్రియాపదం

గుణుపురం స్టేషన్లో కరెంటు పోయి వచ్చేసరికి
టీవీలో చుక్కల కాపరి ఆడమనిషైపోయాడు.
అయిపోయాడా, అయిపోయిందా?

ఇరవైమూడేళ్ల సీరియల్.
అదే చిరుగుల కోటు, అదే ఓడ,
ఎడమ మణికట్టు మీద అదే కాలిన మచ్చ.
గొంతొక్కటే కొత్తది.

పాయింట్స్‌మన్ తవిటయ్య
రిమోట్ బల్ల మీద పడేసి
"ఇంక సూడను" అన్నాడు.
చూస్తూనే ఉన్నాడు.

టీ కొట్టు బిపిని సాహుకి ఏ బెంగా లేదు.
"సే ఆసిలా" అంటాడు, నిన్నా అంతే, ఇవాళా అంతే.
ఒడియా క్రియకి మీసం లేదు, జడా లేదు.

చిక్కంతా నాకే.
ఎనిమిదో క్లాసు నుంచి "వచ్చాడు" అన్న నోరు
"వచ్చింది" అనబోతే
పాసింజరు వచ్చింది,
వంశధారకి వరద వచ్చింది,
గేదె ప్లాట్‌ఫారం మీదకొచ్చింది.
గ్రహాల్ని మందలా తోలే మనిషిని
ఏ వరసలో నిలబెట్టను?

నేను ఛార్జి తీసుకున్న పొద్దున
గోడవతల వినబడింది:
"మాస్టరొచ్చిందిరా."

మళ్లీ ఆదివారం
ఓడ తలుపు తెరుచుకుంటుంటే
తవిటయ్య భుజం మీది తువ్వాలు తీసి
"ఉష్! కాపరిగారొచ్చినారు" అన్నాడు.

సంతకాల పుస్తకం అతని ముందుకి తోశాను.
ఆ 'గారు' ఇటువైపు
ఎన్ని గంటలు లేటో.