దుప్పటి అంచు

రాత్రి రెండింటికి మళ్ళీ వచ్చింది.
తలుపు తట్టలేదు, కుక్క మొరగలేదు.
కుడికాలి బొటనవేలి కణుపులో
ఎవరో గాజుగ్లాసు పగలగొట్టి
పెంకులు ఏరకుండా వెళ్ళిపోయినట్టు.

దుప్పటి అంచు తగిలితే కేక.
మాతెరోవా పక్కమీద అటు తిరిగితే కేక.
సముద్రపు గాలి కిటికీలోంచి వస్తే
దాన్నీ తిట్టాను, మా అమ్మ వినకూడని మాటల్లో.

మా తాత రబ్బరు బూటుకి ముందువైపు
కత్తితో కోసిన చిన్న కిటికీ ఉండేది.
వేలికి ఊపిరాడాలి కదరా అనేవాడు.
అందులోంచి తొంగిచూసే ఎర్రటి వేలికి
పిల్లలం టమాటా అని పేరు పెట్టాం.
ఆయనా నవ్వేవాడు.
ఆ నవ్వు ఖరీదెంతో
నలభై ఒకటో ఏట తెలిసింది నాకు.

తిండిపోతు రోగం అంటారు.
రాజుల జబ్బు అంటారు.
ఏ రాజ్యం ఏలామని?
తోకోమారు ఒడ్డున ఒక పడవ,
అందులో సగం బ్యాంకుది.
పదేళ్ళపాటు ఎవరడిగినా రగ్బీ దెబ్బ అన్నాను.
బడి వదిలాక నేను బంతి ముట్టిందే లేదు.

నర్సు హుహానా నా పొట్ట వైపు చూడలేదు,
రక్తం కాగితం చూసింది.
"నీ నోటి తప్పు కొంతే మామా,
ఎక్కువ తప్పు తాతలిచ్చిన మూత్రపిండాలది.
యూరిక్ ఆమ్లాన్ని బయటికి పోనివ్వవు,
పాత బాకీ వదలని షావుకారులా."
రోజూ ఒక తెల్లబిళ్ళ రాసింది,
నొప్పి లేని రోజు కూడా.
అదే కష్టం.
నొప్పి లేని రోజు నేను దేవుణ్ణయినా తలుచుకోను.

తీపి సోడా సీసాలు పోయాయి.
శనివారం బీరు పోయింది, దానితో పాటు ఇద్దరు స్నేహితులు.
నీళ్ళు, నీళ్ళు, మళ్ళీ నీళ్ళు.
పడవలో నాకంటే నా సీసాయే పెద్దది.
ఫ్రీజర్‌లో బఠాణీల సంచి నా వేలిది,
దాన్ని ఎవరూ వండరు.

మాతెరోవా కవకవ ఆకు కోసుకొస్తుంది,
పురుగు తిని చిల్లులు పడ్డ ఆకులే.
సత్తువ ఎక్కడుందో పురుగుకి ముందే తెలుసట.
కషాయం చేదు. మిగిలింది నూనెలో కాచి
చీలమండ దాకా రాస్తుంది, వేలు దగ్గర ఆగి ఊదుతుంది.
తగ్గించింది ఆకో, ఆ చెయ్యో అని అడిగితే
హుహానా నవ్వి
"బిళ్ళ మానకుండా రెండూ ఉంచుకో" అంది.

డిసెంబర్లో పొహుతుకావా ఎర్రగా పూస్తే
నీటి అడుగున కీనా బలిసిందని గుర్తు.
మా పంచాంగం అదే.
నేను మునుగుతాను, తెస్తాను, చిప్ప పగలగొట్టి పంచుతాను,
చేతివేళ్ళు మాత్రం నాకను.
గట్టుమీద కూర్చుని చెర్రీపళ్ళు తింటూ
గింజలు సముద్రకాకుల మీదికి ఊస్తాను.
ఒక కాకి నన్ను క్షమించలేదు ఇంకా.

మొన్న పెద్దత్త పోయినప్పుడు
మూడు రోజులూ జనం, మూడు రోజులూ వంటలు.
వడ్డించే చేతిని వద్దనడం
మాలో శవయాత్రలో ఈల వేయడంలాంటిది.
అందుకే వెనకవైపు పొయ్యిల దగ్గర
బంగాళదుంపలు చెక్కుతూ దాక్కున్నాను.

కెరెయామ వచ్చాడు అక్కడికి. ఇరవై మూడేళ్ళవాడు.
కుంటుతున్నాడు.
ఏమైందిరా?
"రగ్బీ దెబ్బ బాబాయ్."
కొత్త తెల్లబూటు. లేసు మొత్తం ఊడదీసి ఉంది.

నేనేమీ అనలేదు.
బకెట్టు బోర్లించి కూర్చోమన్నాను, ఒక కత్తి ఇచ్చాను.
నాలుగు దుంపలయ్యాక
నా మేజోడు తీసి
కాలు ఎండలోకి చాపాను.

చాలాసేపు చూశాడు.
తొక్క సగంలో ఆపి, తల ఎత్తకుండా అడిగాడు:
"దుప్పటి తగిలినా?"

దుప్పటి తగిలినా, అన్నాను.