లైను మీద గేదె

అంబ్రెల్లా కట్ లంగాకి గుడ్డ మడిచినట్టే
ఖాకీ కాగితాన్ని నాలుగు మడతలేసి,
టేపు కొసని బొటనవేలితో అదిమి
సుద్దముక్కతో గుండ్రం తిప్పాను.
పన్నెండు ముక్కలు. పన్నెండు ఇళ్లు.

బరంపురంలో పాత పుస్తకాల బండి మీద
ముప్పై రూపాయలకి దొరికింది, అట్ట లేదు.
మన పంతులు గీసే నలుచదరం గళ్లు కాదు,
దొరలది చక్రం.
ఆ నిమిషాన తూర్పున ఏ రాశి లేస్తుందో
అక్కడే మొదటి ఇంటి గుమ్మం.
గ్రహానికీ గ్రహానికీ మధ్య
తొంభై డిగ్రీలైతే తగువు,
నూట ఇరవై అయితే చుట్టరికం.
నాకు తెలిసిన పనే,
ఎక్కడ బిగువో ఎక్కడ వదులో చూసుకోవడం.

సూర్యుడి దగ్గరే మొదలైంది పేచీ.
పంతులు లెక్కలో మీనంలో ఉన్నాడు,
ఈ పుస్తకంలో మేషంలో ఉన్నాడు.
మధ్యలో ఇరవై నాలుగు డిగ్రీల పొలిమేర.
ఉంటే ఉండనీ.
కాశీనగరంలో జగ్గమ్మగా పుట్టాను,
బడిలో ఒడియా మాస్టారు నోరు తిరక్క
ఝరణ అని రాసుకున్నాడు.
పుట్టినరోజు జూన్ పది అని కూడా ఆయనే పెట్టాడు.

అసలు తేదీ అమ్మ దగ్గరుంది.
డెబ్బై తొమ్మిది, రామనవమి పందిరికి
తాటాకు కొట్టిన సాయంత్రం,
జీడిపళ్ల వాసన.
మరి నిమిషం?
"గుణుపురం రైలు రెండు కూతలేసినాది.
రెండో కూత కాడ నువ్వేడిసేవు."

టైంటేబుల్లో ఆ రైలు ఆరూ నలభై.
ఆ బుల్లి రైలు టైంటేబుల్ చదివి నడిచిందెప్పుడు?
అరగంట లేటయితే నా గుమ్మం తుల.
ఇంకో అయిదు నిమిషాలు సాగితే వృశ్చికం.
తులవాళ్లు ఎదుటివాడి ముఖం చూసి మాట కత్తిరిస్తారట.
వృశ్చికంవాళ్లు మాట బయటికే రానివ్వరట.
నేను రెండూ చేశాను,
ఒకే మొగుడి దగ్గర.

పర్లాకిమిడి వెళ్లాను.
గార్డు తాలాసు గవరయ్యకి తొంభై దగ్గర పడ్డాయి,
చెవులు రెండూ ఇంజనుకి ఇచ్చేశాడు,
డైరీలు మాత్రం ట్రంకు పెట్టెలో, ఏడాదికొకటి.
వేప పొడి దులిపి, వేలితో గీస్తూ చదివాడు:
"ఏప్రిల్ అయిదు. కాశీనగరం చేరిక ఏడూ ముప్పై.
లేటు యాభై నిమిషాలు.
కారణం: లైను మీద గేదె."

వృశ్చికం! అన్నాను.
ఆయనకి వినపడలేదు. నవ్వుతున్నాడు.

"గేదె నేదమ్మా, ఏటీ నేదు.
మంత్రసాని సూరమ్మ నా బ్రేకు వేనులోనే ఉంది.
మీ అయ్య లాంతరు ఊపుకుంటూ పట్టాల మీద పరుగు.
నాను ఎర్రదీపం సూపించీసేను.
దాన్ని దింపీసేక డ్రైవరు కదల్డే!
ఏడుపు ఇనిపించాలంటాడు.
తొమ్మిది నిమిషాలు.
నువ్వు ఏడిసేకే కూసినాం, అమ్మా.
పిల్ల పుట్టింది అని రాస్తే జీతం కోసీరూ?
అందుకే గేదె."

నలభై ఆరేళ్లుగా అమ్మ తలకిందులుగా చెప్పుకుంటోంది.
నా నిమిషాన్ని రైల్లో వెతకడానికొచ్చానా,
రైలు లేటులో తొమ్మిది నిమిషాలు నేనే.
చక్రంలో పొట్టేలుంది, ఎద్దుంది, ఎండ్రకాయుంది, తేలుంది.
గేదెకి మాత్రం ఇల్లు లేదు.

లేవబోతుంటే కొంగు పట్టి ఆపాడు.
"నాకూ ఒకటి ఎయ్యి.
పుట్టింది ఎప్పుడో ఎవులికీ తెల్దు.
రిటైరయింది తెలుసు, నిమిషంతో సహా.
సాయంత్రం అయిదూ నలభై రెండు.
రైటు టైం."

సంచిలో సుద్దముక్క ఉంది.
కాగితం లేకపోతే
ఆయన అరుగు మీదే తిప్పాను.